డిస్‌ప్లే వస్తే సరిపోదు: డెస్క్‌టాప్‌లో ర్యామ్ పెంచేటప్పుడు చూసుకోవలసినవి

డెస్క్‌టాప్‌లో కొత్త ర్యామ్ వేశాక అందరూ చూసేది ఒక్కటే: డిస్‌ప్లే వచ్చిందా, లేదా. వస్తే పని అయిపోయినట్టు, రాకపోతే ఏదో కాలిపోయినట్టు. షాపులోనూ ఇదే కొలత, ఇంట్లోనూ ఇదే కొలత. ఇది చాలా తక్కువ కొలత. ర్యామ్ మార్పులో వచ్చే నష్టాల్లో కొన్ని క్యాబినెట్ మూత తీయకముందే, కొనే దగ్గరే ఖాయమైపోతాయి. కొన్ని ర్యామ్ స్టిక్ (స్లాట్‌లో గుచ్చే సన్నటి పలక) చేతిలో పట్టుకున్న రెండు నిమిషాల్లో జరుగుతాయి. అన్నిటికన్నా చెడ్డవి మాత్రం డిస్‌ప్లే వచ్చాక, అంతా బాగుందనుకుని వాడుకుంటున్న వారాల్లో ఫైళ్ల మీద పడతాయి.

అసలు ర్యామ్ అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, రోజూ చేసే పనులన్నీ నడుస్తుండగా మెమరీ పేజీలో ‘కమిటెడ్’ అన్న అంకె, అంటే నడుస్తున్న ప్రోగ్రాములు అడిగిన మొత్తం మెమరీ, చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో ఆ అంకె తరచూ 11, 12 జీబీలకు చేరుతుంటే, మిగిలిన భారం డిస్కు మీద పడే అవకాశం ఎక్కువ. ర్యామ్ పెంచితే తేడా కనిపిస్తుంది. 5 జీబీ దగ్గరే ఆగిపోతూ కంప్యూటర్ మాత్రం నత్తనడక నడుస్తుంటే కారణం వేరే ఉంది. పాత హార్డ్ డిస్క్ మీద విండోస్ నడుస్తున్న యంత్రానికైతే ఆ డబ్బుతో ఎస్‌ఎస్‌డీ వేయించడమే మేలు. 32 బిట్ విండోస్ ఉంటే 4 జీబీ దాటి ఎంత వేసినా లాభం లేదు. ఆ 4లో కూడా కొంత భాగం హార్డ్‌వేర్‌కే పోతుంది.

అదే పేజీలో ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని నిండాయో, ఇప్పటి ర్యామ్ ఏ వేగంతో నడుస్తోందో కూడా ఉంటుంది. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇంకా వివరంగా, ఏ స్లాట్‌లో ఏ కంపెనీ స్టిక్ ఉందో కూడా చెబుతుంది. ఇక్కడ చాలామందిని తికమకపెట్టే విషయం ఒకటుంది. 3200 అని రాసి ఉన్న స్టిక్‌కు సీపీయూ-జెడ్ 1600 అని చూపిస్తుంది. మోసమేమీ లేదు. డీడీఆర్ ర్యామ్ ఒక్కో గడియార (క్లాక్) స్పందనకు రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి 1600 మెగాహెర్ట్జ్ గడియారమే 3200 లెక్క అవుతుంది.

కొనే దగ్గర మొదటి ప్రశ్న తరం. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్లాట్‌లో ఒకటి పట్టవు. డీడీఆర్3కి 240 పిన్నులు, తర్వాతి రెండింటికీ 288. పిన్నుల సంఖ్య ఒకటే అయినా డీడీఆర్4, డీడీఆర్5 స్టిక్‌ల పిన్నుల వరుస మధ్యలోని గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది. కరెంటు లెక్కలు కూడా వేరు: డీడీఆర్3 1.5 వోల్టులు, డీడీఆర్4 1.2, డీడీఆర్5 1.1. పైగా డీడీఆర్5లో వోల్టేజీని సర్దే ఐసీ స్టిక్ మీదే ఉంటుంది. అంతకుముందు ఆ పని మదర్‌బోర్డుది. గాటు కుదరని స్టిక్‌ను బలంగా నొక్కి దించాలని చూస్తే స్లాట్ విరుగుతుంది. స్లాట్ విరిగితే బోర్డు పోయినట్టే.

గాటు కుదిరినా పని చేయని రకాలూ ఉన్నాయి. పాత డెస్క్‌టాప్‌లు ఎక్కువగా చేతులు మారే మన దగ్గర జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సర్వర్లలోంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో చవకగా దొరుకుతుంది. డీడీఆర్3, డీడీఆర్4ల్లో అది మామూలు డెస్క్‌టాప్ స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, కానీ మామూలు బోర్డు దాన్ని గుర్తించదు, డిస్‌ప్లే రాదు. స్టిక్కర్ మీద వేగం అంకె తర్వాత ఉండే అక్షరం చూస్తే తెలుస్తుంది. ఉదాహరణకు డీడీఆర్3 స్టిక్ మీద పీసీ3-12800 తర్వాత ‘యూ’ ఉంటే డెస్క్‌టాప్‌ది, ‘ఆర్’ ఉంటే సర్వర్‌ది, ‘ఎస్’ ఉంటే ల్యాప్‌టాప్‌ది. ‘ఈ’ ఉంటే తప్పులు దిద్దుకునే ఈసీసీ రకం. అది కొన్ని బోర్డుల్లో నడుస్తుంది, కొన్నింట్లో నడవదు. ఇంకో రకం, ‘ఏఎండీకి మాత్రమే’ అంటూ తక్కువ ధరకు అమ్మే డీడీఆర్3 స్టిక్‌లు. వాటి మీది చిప్‌ల అమరికను ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చదవలేవు. ఆ మాట చెప్పి అమ్మితే తప్పు లేదు. చెప్పకుండా అమ్మితే మాత్రం కొన్నవారు తమ బోర్డే చెడిపోయిందనుకుంటారు.

మన ఊళ్లలో ఇంటర్నెట్ సెంటర్ల నుంచి చిన్న ఆఫీసుల దాకా ఇప్పటికీ కనిపించే ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ మదర్‌బోర్డును తీసుకుందాం. రెండు, మూడో తరం కోర్ ఐ3, ఐ5 ప్రాసెసర్లతో వచ్చిన ఈ బోర్డులకు రెండే స్లాట్లు, గరిష్ఠంగా 16 జీబీ. ఒక్కో స్టిక్ 8 జీబీకి మించకూడదు. 16 జీబీ డీడీఆర్3 స్టిక్ ఒక్కటి వేస్తే సరిపోతుంది కదా అని కొంటే పని జరగదు. నాలుగో తరం దాకా ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలోని మెమరీ కంట్రోలర్ అంత పెద్ద స్టిక్‌ను అంగీకరించదు. రెండో తరం ప్రాసెసర్ మీద 1600 స్టిక్ వేస్తే 1333కే నడుస్తుంది, అందులో ప్రమాదం ఏమీ లేదు. ఆరో తరంతో వచ్చిన కొన్ని బోర్డుల సంగతి వేరు. వాటిలో డీడీఆర్3 స్లాట్లే ఉన్నా ప్రాసెసర్ కోరేది 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్. మామూలు 1.5 వోల్టుల స్టిక్ పెడితే డిస్‌ప్లే రావచ్చు, నెలల తరబడి నడవనూ వచ్చు. ప్రాసెసర్ మీద మాత్రం దాని తయారీదారు ఒప్పుకోని వోల్టేజీ భారం పడుతూ ఉంటుంది. ఇంటెల్ అప్పట్లో దీనిపై హెచ్చరించింది కూడా.

డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీసు డెస్క్‌టాప్‌లు రీఫర్బిష్డ్‌గా కొన్నవారు మూత తీసి చూడకుండా ర్యామ్ ఆర్డర్ చేయకూడదు. అరచేతి వెడల్పు ఉండే చిన్న పెట్టెల్లో ల్యాప్‌టాప్ స్టిక్‌లే వాడతారు. పేరుకు అది డెస్క్‌టాప్, ర్యామ్ మాత్రం ల్యాప్‌టాప్‌ది. మోడల్ నంబరుతో కంపెనీ సైటులో మాన్యువల్ దొరుకుతుంది. అసెంబుల్డ్ యంత్రమైతే మదర్‌బోర్డు మీద అచ్చు వేసిన మోడల్ పేరుతో వెతికితే, ఆ బోర్డుపై పరీక్షించిన ర్యామ్‌ల జాబితా ఉంటుంది. ఆ జాబితాలో లేని స్టిక్ నడవదని కాదు, ఉన్నది నడుస్తుందన్న భరోసా మాత్రం గట్టిది.

పాతదాన్ని ఉంచి పక్కన కొత్తది వేయవచ్చా అన్నది తర్వాతి ప్రశ్న. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరగడంతో ఈ ప్రశ్న మరీ బరువెక్కింది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ చిప్‌లను లాగేసుకుంటోంది. ప్రపంచంలో డీర్యామ్ చిప్‌లు, అంటే ఈ స్టిక్‌ల మీద ఉండే మెమరీ చిప్‌లు, ఎక్కువగా తయారుచేసేవి శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలే. వాటిలో మైక్రాన్ తన క్రూషియల్ పేరుతో సాగిన వినియోగదారుల వ్యాపారాన్ని మానుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటప్పుడు పాత స్టిక్‌ను పారేసి కొత్త జత కొనమని చెప్పడం తేలిక, కొనడం కష్టం. కలపవచ్చు, కాకపోతే ఏం జరుగుతుందో తెలిసి కలపాలి.

ప్రతి స్టిక్ మీద దాని వేగం, టైమింగులు రాసిపెట్టిన చిన్న చిప్ ఒకటి ఉంటుంది. బోర్డు రెండింటినీ చదివి, రెండూ తట్టుకోగల తక్కువ వేగానికి దిగుతుంది. 3200 పక్కన 2400 వేస్తే రెండూ 2400కే నడుస్తాయి. పరిమాణం వేరైనా ఇబ్బంది లేదు. 8 జీబీ పక్కన 16 జీబీ వేస్తే మొదటి 16 జీబీ రెండు చానళ్లలో (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య డేటా నడిచే దారుల్లో) జంటగా నడిచి, మిగిలిన 8 జీబీ ఒక్క చానల్‌లో నడుస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాల్లో రెండు చానళ్ల వల్ల వచ్చే తేడా పెద్దది, ఎందుకంటే బొమ్మ గీసే పనికి కూడా ఈ ర్యామే ఆధారం. డీడీఆర్4-3200 ఒక చానల్‌లో సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ మోస్తుంది, రెండు చానళ్లలో 51.2. గ్రాఫిక్స్ తనలోనే ఉన్న ఏఎండీ రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌కు ఒక్క 16 జీబీ స్టిక్ వేసి అమ్మడం దాని కాళ్లు కట్టేయడమే.

కలిపిన స్టిక్‌లతో చేయకూడని పని, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే, మదర్‌బోర్డు మీది ప్రోగ్రామ్‌లో) ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేసి ఊరుకోవడం. అవి ఒక్కో జతకు కంపెనీ పరీక్షించి ఇచ్చిన వేగాలు. వేరే స్టిక్‌తో కలిస్తే ఆ పరీక్షకు విలువ లేదు. నిజానికి ఇంటెల్, ఏఎండీల లెక్కలో ఇవి ఓవర్‌క్లాకింగ్, అంటే అధికారిక వేగం దాటి నడపడం, కిందికే వస్తాయి. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయిన ఉదంతంలో, ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు బోర్డులు ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అధికంగా ఇచ్చిన ఎస్‌ఓసీ వోల్టేజీ ఒక కారణమని తేలింది. ఆ తర్వాతే ఏఎండీ దాన్ని 1.3 వోల్టులకు కట్టడి చేస్తూ బయోస్ మార్పులు తెచ్చింది. అప్పట్లో కొన్న ఏఎం5 బోర్డు (రైజెన్ 7000 ప్రాసెసర్లు పట్టేది) ఇప్పటికీ పాత బయోస్‌తోనే ఉంటే, ర్యామ్ కొనేముందు చేయాల్సింది బయోస్ అప్‌డేట్. డీడీఆర్5లో వచ్చిన 24, 48 జీబీ స్టిక్‌లకూ తొలినాటి బోర్డుల్లో కొత్త బయోస్ కావాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డు మూలనపడే ప్రమాదం ఉంది కాబట్టి యూపీఎస్ లేకుండా ఆ అప్‌డేట్ మొదలుపెట్టకూడదు.

డీడీఆర్5లో నాలుగు స్లాట్లూ నింపాలనుకునేవారు ఒక అంకె గుర్తుంచుకోవాలి. రైజెన్ 7000కు ఏఎండీ అధికారికంగా ఇచ్చిన వేగం రెండు స్టిక్‌లకు 5200, నాలుగు స్టిక్‌లకు 3600. 64 జీబీ కావాలంటే నాలుగు 16ల కన్నా రెండు 32లే మేలు.

ఇక కరెంటు సంగతి. అమెరికా, యూరప్ వీడియోల్లో ఒక సలహా తరచూ వినిపిస్తుంది: ప్లగ్ గోడకే ఉంచి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) వెనక స్విచ్ ఆపేయండి, అలా చేస్తే క్యాబినెట్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది, మీ ఒంట్లోని స్థిర విద్యుత్తు దిగిపోతుంది. ఆ మాట ఎర్త్ సరిగా ఉన్న ఇంటికి మాత్రమే వర్తిస్తుంది. మన ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన మూడో రంధ్రానికి వైరు ఉందని కాదు. చాలా పాత ఇళ్లలో, అద్దె గదుల్లో అది ఖాళీ. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టుకుంటే ఉన్న ఎర్త్ కూడా తెగిపోతుంది.

క్యాబినెట్ అంచు తాకితే చిన్నగా షాక్ కొడుతోందనే ఫిర్యాదు ఇక్కడి నుంచే పుడుతుంది. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్‌కూ బాడీకీ, న్యూట్రల్‌కూ బాడీకీ మధ్య చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వైర్లలోని చెత్త సంకేతాలను ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్త్ లేనప్పుడు ఆ దారి మూసుకుపోయి, క్యాబినెట్ బాడీ 230 వోల్టుల్లో సగం దగ్గర, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. ప్రవహించే కరెంటు చాలా తక్కువ, మామూలుగా మనిషికి ప్రాణాపాయం ఉండదు. టెస్టర్ పెడితే బల్బు వెలుగుతుంది. కానీ అసలు ఇన్సులేషన్ దెబ్బతిని ఫేజ్ నేరుగా బాడీకి తగిలినా తొలి లక్షణం ఇదే షాక్ కాబట్టి, ‘అది ఎప్పుడూ అంతే’ అని వదిలేయకూడదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ సరిచేయించడం ర్యామ్ కన్నా ముందు పెట్టవలసిన ఖర్చు.

అలాంటి ఇంట్లో ప్లగ్ ఉంచి పని చేయడం వల్ల లాభం సున్నా. పైగా గోడ స్విచ్ ఒక్క వైరునే ఆపుతుంది. ఫేజ్, న్యూట్రల్ తారుమారైన వైరింగులో స్విచ్ ఆపినా ఫేజ్ లోపలికి వస్తూనే ఉంటుంది. కాబట్టి మన దగ్గర పాటించాల్సిన పద్ధతి వేరు: ప్లగ్ పూర్తిగా పీకేయాలి. దానితోపాటు మానిటర్ కేబుల్, నెట్ కేబుల్, ప్రింటర్ యూఎస్‌బీ, స్పీకర్లు అన్నీ తీసేయాలి. మానిటర్‌కు వేరే కరెంటు ఉంటుంది. దాని కేబుల్ చుట్టూ ఉండే లోహపు తొడుగు ద్వారా అదే లీకేజీ క్యాబినెట్‌లోకి తిరిగి వస్తుంది. ప్లగ్ పీకేవారిలో కూడా చాలామంది ఈ కేబుల్ సంగతి మరిచిపోతారు.

అంతకుముందు కంప్యూటర్‌ను నిజంగా షట్‌డౌన్ చేయాలి. స్లీప్‌లో ఉన్నప్పుడు ర్యామ్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్ ఉంటే మామూలు షట్‌డౌన్ కూడా సగం హైబర్నేషనే, అంటే విండోస్ స్థితి కొంత డిస్కులో దాచి ఆగడమే. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేస్తే పూర్తిగా ఆగుతుంది. ఆగిపోయాక కూడా ప్లగ్ ఉన్నంతసేపు ఎస్‌ఎంపీఎస్ 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా ఇస్తూనే ఉంటుంది. మదర్‌బోర్డు మీద చిన్న లైటు వెలుగుతూ ఉండటానికి కారణం అదే. ఆ స్థితిలో స్టిక్ పీకినా, పెట్టినా కాలిపోవచ్చు. ప్లగ్ తీసి పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే కెపాసిటర్లలో మిగిలింది ఖర్చయిపోయి లైటు ఆరిపోతుంది. అప్పుడే మూత తీయాలి.

స్థిర విద్యుత్తు విషయంలో అతి భయం, అతి నిర్లక్ష్యం రెండూ కనిపిస్తాయి. మనిషి చేతికి చురుక్కుమనేంత స్పార్క్ రావాలంటే దాదాపు 3 వేల వోల్టులు ఉండాలి. చిప్‌లు అంతకన్నా చాలా తక్కువకే దెబ్బతినగలవు, అంటే మనకు తెలియకుండానే దెబ్బ తగలవచ్చు. ఉక్కపోసే కోస్తా జిల్లాల్లో గాలిలోని తేమ వల్ల ఈ బెడద తక్కువ. చలికాలపు హైదరాబాద్‌లో, ఏసీ గదిలో, సింథటిక్ బట్టలతో ఎక్కువ. పరిష్కారం సులువు: రంగు వేయని లోహభాగాన్ని, అంటే క్యాబినెట్ లోపలి ఫ్రేమ్‌ను, ముందు తాకి పని మొదలుపెట్టడం, మధ్యమధ్యలో మళ్లీ తాకడం. మనమూ క్యాబినెట్టూ ఒకే వోల్టేజీ దగ్గర ఉంటే చాలు, దూకడానికి స్పార్క్ ఉండదు. రిస్ట్ స్ట్రాప్ (స్థిర విద్యుత్తును దింపే మణికట్టు పట్టీ) ఉంటే దాని క్లిప్ కూడా ఆ ఫ్రేమ్‌కే తగిలించాలి, గోడ సాకెట్‌కు కాదు. స్టిక్‌ను అంచులతో పట్టుకోవాలి.

పాత స్టిక్ పిన్నులను పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన టెక్నీషియన్ల అలవాటు. చాలాసార్లు పనిచేస్తుంది కూడా, ఎందుకంటే డిస్‌ప్లే రాకపోవడానికి పిన్నుల మీది మురికి తరచూ కారణం. అయితే ఆ బంగారు పూత సాధారణంగా ఒక మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కూడా ఉండదు. ప్రతిసారీ రుద్దుతూ పోతే పూత అరిగి కింది లోహం తేలుతుంది, ఆ తర్వాత తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. పోగులు రాలని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి తుడిస్తే అది ఆ పని నష్టం లేకుండా చేస్తుంది.

నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్‌లు వేసేటప్పుడు సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది ఎంచుకోవాలి. మాన్యువల్ వేరే చెబితే దాని మాటే వినాలి. క్యాబినెట్‌ను పడుకోబెట్టి, గాటు సరిచూసి, రెండు చివర్లా సమానంగా నొక్కాలి. క్లిప్ టక్కుమని పడాలి. కొన్ని బోర్డులకు ఒక వైపే క్లిప్ ఉంటుంది, రెండోవైపు కదలనిది. అక్కడే స్టిక్ సగం దిగి ఆగిపోతుంటుంది. సగం దిగిన స్టిక్‌కు కరెంటు ఇస్తే పిన్నులు పక్కపక్క గీతలకు తగిలి కాలిపోవచ్చు. ఆన్ చేసేముందు బంగారు గీత రెండు చివర్లా ఒకే ఎత్తులో ఉందో లేదో కళ్లు దించి చూడటం ఐదు సెకన్ల పని.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగా ఉండిపోతే కంగారు పడనక్కర్లేదు. డీడీఆర్5 బోర్డులు కొత్త ర్యామ్‌ను చూడగానే దానితో తమ సంకేతాలను సరిపోల్చుకుంటాయి. ఏఎం5 బోర్డుల్లో దీనికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో పవర్ ఆపి మళ్లీ ఆన్ చేసేవారు అదే పనిని మొదటి నుంచి చేయిస్తున్నారు. పది నిమిషాలు దాటినా రాకపోతే అప్పుడు ఒక్కొక్క స్టిక్‌తో, ఒక్కొక్క స్లాట్‌లో చూడాలి. బోర్డు మీద ‘డీర్యామ్’ అని రాసిన చిన్న ఎర్ర లేదా పసుపు లైటు ఉంటే అది వెలుగుతోందా అని గమనించాలి. బయోస్ సెట్టింగులు రీసెట్ చేయాల్సి వస్తే లేదా బయోస్ అప్‌డేట్ చేస్తే విండోస్ 11 కొన్నిసార్లు బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో క్యాబినెట్ తెరవకముందే చూసుకోవాలి. కీ లేకపోతే డిస్కులోని ఫొటోలు, పత్రాలు తాళం వేసిన గదిలోనే ఉండిపోతాయి.

డిస్‌ప్లే వచ్చింది, 16 జీబీ చూపిస్తోంది. చాలామంది ఇక్కడే మూత బిగించేస్తారు. బయోస్ ఆన్ అయ్యేటప్పుడు ర్యామ్‌లోని కోట్లాది గదులను ఒక్కొక్కటిగా పరీక్షించదు. ఒక మూల ఉన్న చెడ్డ గది రోజుల తరబడి వాడకంలోకే రాకపోవచ్చు. వచ్చినప్పుడు కూడా ప్రతిసారీ బ్లూ స్క్రీన్ రాదు. గూగుల్ సర్వర్లలోని ర్యామ్‌ను పరిశీలించి 2009లో వెలువరించిన అధ్యయనంలో ఏడాదికి 8 శాతానికి పైగా స్టిక్‌లలో తప్పులు నమోదయ్యాయి. అవి ఈసీసీ ఉన్న సర్వర్లు కాబట్టి తప్పు జరిగినట్టు తెలిసింది, ఎక్కువసార్లు దిద్దుబాటూ జరిగింది. ఇంటి డెస్క్‌టాప్‌లో ఆ రెండూ ఉండవు. డీడీఆర్5లో చిప్ లోపలే కొంత దిద్దుబాటు ఉన్నా, చిప్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారిలో జరిగే తప్పులను అది పట్టుకోదు. పెళ్లి వీడియోను ఎడిట్ చేసి సేవ్ చేసినా, దుకాణం లెక్కల ఫైలు సేవ్ చేసినా, పాత డిస్కు నుంచి కొత్త డిస్కుకు ఫొటోలు కాపీ చేసినా ప్రతి బైటూ ఈ ర్యామ్‌లోంచే వెళ్తుంది. అక్కడ ఒక బిట్ తిరగబడితే డిస్కు మీదికి తప్పే వెళ్తుంది. ఆ తర్వాత తీసిన బ్యాకప్‌లోకీ ఆ తప్పే వెళ్తుంది.

అందుకే ముఖ్యమైన ఫైళ్ల బ్యాకప్ ర్యామ్ మార్చకముందు తీయాలి, మార్చాక కాదు. కొత్త ర్యామ్‌తో విండోస్‌లోకి వెళ్లకముందే ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాములైన మెమ్‌టెస్ట్86 లేదా మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడపాలి. మొదటిదాని ఉచిత రూపం నాలుగు విడతల దాకా పరీక్షిస్తుంది. రెండోది ఓపెన్ సోర్స్. 2022లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి యూఈఎఫ్ఐ అనే కొత్త తరహా బయోస్ ఉన్న బోర్డుల్లోనూ నడుస్తుంది. విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నస్టిక్ త్వరగా అయిపోతుంది, కానీ అంత లోతుగా చూడదు. 16 జీబీకి నాలుగు విడతలు కొన్ని గంటలు పడుతుంది. రాత్రి పెట్టి వదిలేయవచ్చు. ముందు ఎక్స్‌ఎంపీ లేకుండా నడిపి, అది శుభ్రంగా పూర్తయ్యాకే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి మళ్లీ నడపాలి. అలా చేస్తే తప్పు స్టిక్‌దా, వేగానిదా అన్నది విడిపోతుంది. సెకండ్ హ్యాండ్ స్టిక్ అయితే ఈ పరీక్ష మరీ అవసరం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి మార్కెట్లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, పరీక్ష పూర్తయ్యేదాకా మార్చి ఇచ్చే గడువు ఉందో లేదో బేరం దగ్గరే అడగాలి. స్టిక్కర్ మీద రాసినదీ, సీపీయూ-జెడ్ చూపేదీ ఒకటో కాదో అక్కడే చూడాలి.

ఒక్క తప్పు కనిపించినా ‘ఒక్కటే కదా’ అని వదలకూడదు; మంచి ర్యామ్‌లో ఈ పరీక్షకు వచ్చే తప్పులు సున్నా. స్టిక్‌లను విడదీసి ఒక్కొక్కటిగా అదే స్లాట్‌లో నడిపితే చెడ్డది బయటపడుతుంది. మంచి స్టిక్ కూడా ఒక స్లాట్‌లోనే తప్పులిస్తే లోపం బోర్డుది, లేదా ప్రాసెసర్ సరిగా కూర్చోలేదు. జతగా కొన్న స్టిక్‌లలో ఒకటే చెడినా వారంటీకి రెండూ కలిపి పంపడం మంచిది. జతలో ఒకటి మారితే మిగిలినదానితో అది ఆ వేగానికి నడుస్తుందన్న పరీక్ష ఎవరూ చేసి ఉండరు. బిల్లు, డబ్బా, స్టిక్కర్ మీది సీరియల్ నంబరు ఉంటేనే చాలా కంపెనీలు మారుస్తాయి కాబట్టి, హీట్‌సింక్ మీది ఆ స్టిక్కర్‌ను పీకకూడదు.